29-02-1900: లేని రోజు లెక్కలోకి ఎలా వచ్చింది?

కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎక్సెల్‌లో తేదీల గురించే. దాదాపు అన్నీ విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవే. ద్వారకానగర్‌లో నా క్లాసుకి వచ్చేవాళ్లలోనూ కూడికలు, తీసివేతలు చకచకా చేసేవాళ్లు తేదీల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంటారు. అందుకే ఈ సంచికంతా తేదీలకే ఇచ్చేస్తున్నాను. ఫార్ములాల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ముందు సమానం గుర్తు పెట్టి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఒక లేబర్ కాంట్రాక్టరు దగ్గర అకౌంట్స్ చూస్తాను. హాజరు మెషీన్ నుంచి దించిన ఫైల్లో మా మనుషులు పనిలో చేరిన తేదీలున్నాయి. మానేసిన తేదీలోంచి చేరిన తేదీ తీసేస్తే కొందరికి ‘వేల్యూ’ అని ఎర్రర్ వస్తోంది. మిగిలినవాళ్లకి అంకె బాగానే వస్తోంది. ఎర్రర్ వచ్చినవి ఒక్కొక్కటీ చేత్తో మళ్లీ కొట్టేద్దామనుకుంటున్నాను. గ్రాట్యుటీ లెక్క తొందరగా ఇమ్మంటున్నారు. వేరే దారి ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఒక్కటి కూడా చేత్తో కొట్టకండి, కాస్త ఆగండి. ఎర్రర్ వచ్చిన వరసల వల్ల మీకు హాని లేదు. అవి తప్పని కళ్లకి కనబడుతోంది కదా. ఎర్రర్ రాకుండా అంకె ఇచ్చిన వరసలే నన్ను భయపెడుతున్నాయి.

ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1ని ఒకటి అనుకుని అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. 2024 సెప్టెంబరు 5 దాని దృష్టిలో 45540. మనకి కనబడే రోజు, నెల, ఏడాది ఆ అంకె మీద వేసిన ముసుగు. సెల్ ఫార్మాట్‌ని ‘జనరల్’కి మారిస్తే ముసుగు తొలగి అంకె బయటపడుతుంది. అంకెగా మారకపోతే అక్కడున్నది తేదీ కాదు, వట్టి అక్షరాలు.

ఇక మీ ఫైలు సంగతి. మెషీన్ మన పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత రాసింది. మీ కంప్యూటర్ సెట్టింగు అమెరికా పద్ధతిలో, నెల ముందు ఉండేలా ఉంది. 18/09/2024 అని ఉన్న సెల్‌ని చూసి ‘పద్దెనిమిదో నెల అంటూ లేదే’ అని దాన్ని అక్షరాలుగానే వదిలేసింది. అందుకే ఎర్రర్. 05/09/2024 దగ్గర దానికి ఏ ఇబ్బందీ రాలేదు. మే 9 అని చదివేసుకుంది. సెప్టెంబరు 5 కాస్తా మే 9 అయింది. 119 రోజుల తేడా, చప్పుడు లేకుండా.

ఈ తేడా ఎవరి మీద పడుతుందో చూడండి. గ్రాట్యుటీ అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసినవాళ్లకి సర్వీసుని బట్టి ఇచ్చే డబ్బు. అందులో చివరి ఏడాది ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదిగా కడతారు, దాటకపోతే వదిలేస్తారు. ఒక మనిషి 2018 మే 9న చేరి 2025 జనవరి 31న మానేశాడనుకోండి. ఆరేళ్ల ఎనిమిది నెలలు దాటింది కాబట్టి ఏడేళ్లకి లెక్క కట్టాలి. ఫైల్లో 09/05/2018 అని ఉన్నది సెప్టెంబరు 5 అయిపోతే సర్వీసు ఆరేళ్ల నాలుగు నెలలకి దిగిపోయి ఆరేళ్లకే డబ్బు వస్తుంది. నెలకి 15,600 రూపాయల జీతమైతే, దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఒక ఏడాది గ్రాట్యుటీ 9,000 రూపాయలు. ఆ తొమ్మిది వేలు అతనికి పోయినట్టు అతనికీ తెలియదు, మీకూ తెలియదు. షీటులో ఎక్కడా ఎర్రర్ ఉండదు. ఇంకొకరికి ఇదే తిరగబడి తొమ్మిది వేలు ఎక్కువ వెళుతుంది. అందుకే ఆగమన్నాను.

మెషీన్ నుంచి దించిన అసలు ఫైలు ఉంటే దాని దగ్గరికే వెళ్లండి. డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, కొత్త షీటు తీసి డేటా మెనూలోంచి లోపలికి తెచ్చుకోండి. కాలమ్ ఏ రకమని అడిగినప్పుడు ‘డేట్’ అని, వరస రోజు-నెల-ఏడాది అని చెప్పండి. కొత్త వెర్షన్లలో అదే చోట ‘లొకేల్’ అని అడిగితే ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. ఆ తర్వాత విండోస్‌లో రీజియన్ కూడా ఇండియాకి మార్చేయండి, వచ్చే నెల ఫైలుకి ఈ గొడవ రాకుండా.

అసలు ఫైలు దొరక్కపోతే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. పక్క కాలమ్‌లో ఈజ్‌నంబర్ ఫార్ములా పెట్టి, ‘ట్రూ’ వచ్చిన వరసలను మాత్రం ఫిల్టర్ చెయ్యండి. ఇవి ఎక్సెల్ తేదీలుగా తీసుకున్నవి. వీటిలో ‘రోజు’ స్థానంలో ఉన్నది నిజానికి నెల కాబట్టి 12 దాటిన రోజు ఒక్కటి కూడా ఉండకూడదు. లేకపోతే అన్నీ తిరగబడ్డవేనని నమ్మకంగా తిప్పుకోవచ్చు. 13 గానీ 25 గానీ కనబడిందంటే మాత్రం మధ్యలో ఎవరో చేత్తో సరైన తేదీలు కొట్టారన్నమాట. అప్పుడు ఏది తిరగబడిందో ఏది సరైనదో ఫార్ములా చెప్పలేదు. చేరినప్పటి కాగితాలు తీసి చూసుకోవాల్సిందే. మీరు చేత్తో కొట్టడం మొదలుపెట్టి ఉంటే ఈ పరీక్షే చెడిపోయేది.

పరీక్ష నెగ్గితే ఏ2లో తేదీ ఉన్నప్పుడు ఇలా రాయండి: =ఇఫ్(ఈజ్‌నంబర్(ఏ2), డేట్(ఇయర్(ఏ2), డే(ఏ2), మంత్(ఏ2)), డేట్(రైట్(ఏ2,4), మిడ్(ఏ2,4,2), లెఫ్ట్(ఏ2,2))). మొదటి సగం తిరగబడినవాటిలో రోజునీ నెలనీ తిప్పుతుంది, రెండో సగం అక్షరాల్లోంచి తేదీని కడుతుంది. అక్షరాలకి ముందో వెనకో ఖాళీలుంటే ట్రిమ్‌తో తీసేశాకే ఇది పనిచేస్తుంది. మానేసిన తేదీలు కూడా అదే మెషీన్ నుంచి వచ్చి ఉంటే వాటికీ ఇదంతా చెయ్యండి. చివరగా, తెలిసిన నలుగురైదుగురి తేదీలు రిజిస్టరుతో పోల్చి చూశాకే డబ్బుల కాలమ్ ముట్టుకోండి.

ప్రశ్న: మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర. నాన్నకి మరబోటు ఉంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులని అందరూ అంటారు. ఆ రోజుల్లో బోటు మీద ఎంత ఖర్చయిందో రాద్దామని జూన్ 14లోంచి ఏప్రిల్ 15 తీసేస్తే 29-02-1900 అని వచ్చింది. ఇదేంటి మేడమ్? 1900లో ఫిబ్రవరి 29 ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: లేదమ్మా. నాలుగుతో భాగిస్తే శేషం రాని ఏడాది లీపు సంవత్సరమే గానీ, రెండు సున్నాలతో ముగిసే ఏళ్లకి 400తో కూడా భాగం పోవాలి. 2000కి పోతుంది, 1900కి పోదు. కాబట్టి 1900 ఫిబ్రవరి 28తో అయిపోయింది. నువ్వు చూసింది మనం వాడే క్యాలెండరులో లేని రోజు.

అది ఎక్సెల్‌కి వారసత్వంగా వచ్చింది. 1983లో లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్ వచ్చింది. అందులో 1900ని లీపు సంవత్సరంగా లెక్కేశారు. ఆ తర్వాత వచ్చిన ఎక్సెల్‌లో లోటస్ ఫైళ్లు కూడా సరిగ్గా తెరుచుకోవాలి కాబట్టి అదే లెక్క ఉంచేశారు. ఇప్పుడు దిద్దితే 1900 మార్చి నుంచి ఇప్పటిదాకా ఉన్న ప్రతి తేదీ అంకె ఒకటి జరిగిపోతుంది. ఎన్ని కోట్ల ఫైళ్లు చెడతాయో ఊహించు. అందుకే అలాగే ఉండిపోయింది. లిబ్రే ఆఫీస్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో అదే తీసివేత చేసి తేదీ ఫార్మాట్‌లో చూస్తే 28-02-1900 అని కనబడుతుంది.

నీకు వచ్చిన జవాబు మాత్రం 60, అంతే. ఆ సెల్‌కి ముందే తేదీ ఫార్మాట్ వేసి ఉంది. దాంతో అరవై రోజులని చెప్పకుండా, అరవయ్యో అంకె ఏ తేదీయో చూపించింది. ఫార్మాట్‌ని ‘నంబర్’ చెయ్యి, 60 కనబడుతుంది.

మరి 61 ఏమైంది? ఏప్రిల్‌లో 15 నుంచి 30 దాకా 16 రోజులు, మేలో 31, జూన్‌లో 14. మొత్తం 61. అందరూ అనేదే సరైనది. తీసివేత అనేది రెండు తేదీల మధ్య దూరం చెబుతుంది. మనకి కావలసింది మొదటి రోజు, చివరి రోజు కలిపి ఎన్ని రోజులని. కాబట్టి ఒకటి కలపాలి. నేను పోర్టు పక్కన క్లియరింగ్ ఆఫీసులో పనిచేసిన రోజుల్లో అన్నింటికంటే ఎక్కువ వాదనలు ఈ ఒక్క రోజు గురించే జరిగేవి. కంటెయినరు దిగిన రోజుని ఫ్రీ డేస్‌లో, అంటే అద్దె పడని రోజుల్లో, కలపాలా వద్దా అన్నది ఒప్పందం చూసి తేల్చుకోవాలి, సాఫ్ట్‌వేరుకి అది తెలిసే అవకాశమే లేదు. సెలవులకి, నిషేధానికి, హాజరుకి రెండు చివరలూ కలుస్తాయి. వడ్డీకి మామూలుగా ఒక చివరే కలుస్తుంది. మీ ఖర్చుల పుస్తకంలో ఒకటి కలిపి 61 అనే రాయి. ఎందుకు కలిపావో పక్కన ఒక ముక్క రాసిపెట్టు. రేపు నాన్నగారు అడిగినా, నువ్వే మర్చిపోయినా పనికొస్తుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిని. సిబ్బంది రిటైరయ్యే తేదీల పట్టిక తయారు చేస్తున్నాను. పుట్టిన తేదీకి 62 ఏళ్లు కలిపితే తేదీ నెల మధ్యలో వస్తోంది. నెలాఖరుకి మార్చాక కూడా ఒకరిద్దరికి నెల తేడా వస్తోంది.
– పెందుర్తి

జవాబు: ఆ ఒకరిద్దరు ఒకటో తారీఖున పుట్టినవాళ్లై ఉంటారు, చూడండి. మన రాష్ట్రంలో 2022 జనవరి నుంచి రిటైర్మెంటు వయసు 62. ఆ వయసు నిండే నెల చివరి రోజున దిగిపోతారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లకి మాత్రం ముందు నెల చివరి రోజే. 1966 జూలై 15న పుట్టినవారు 2028 జూలై 31న దిగితే, 1966 జూలై 1న పుట్టినవారు 2028 జూన్ 30న దిగిపోతారు.

చాలామంది దీనికోసం ‘ఒకటో తారీఖైతే ఇలా, కాకపోతే అలా’ అని ఇఫ్ పెట్టి పొడుగ్గా రాస్తారు. అవసరం లేదు. పుట్టిన తేదీలోంచి ఒక రోజు తగ్గించి, ఆ నెల నుంచి 744 నెలల తర్వాత వచ్చే నెలాఖరు అడగండి. పుట్టిన తేదీ బీ2లో ఉంటే: =ఈఓమంత్(బీ2-1, 744). పేరు EOMONTH అని కొట్టాలి. 62ని 12తో హెచ్చిస్తే 744. ఒకటో తారీఖు అయితే ఒక రోజు తగ్గగానే ముందు నెలలోకి వెళ్లిపోతుంది, మిగతావాళ్లు తమ నెలలోనే ఉంటారు. రూలు మొత్తం ఆ ‘మైనస్ 1’లోనే ఇమిడిపోయింది. జవాబు 46,000 దాటిన అంకెలా కనబడితే కంగారు పడకండి, తేదీ ఫార్మాట్ వేస్తే సరి.

మీ పట్టికలో సర్వీసు ఏళ్లు, నెలలు, రోజుల్లో కూడా చూపించాలనుకుంటే ఒక హెచ్చరిక. డేట్‌డిఫ్ (DATEDIF, చివర ఎఫ్ ఒక్కటే) అనే ఫార్ములా దీనికి పనికొస్తుంది. కొడుతున్నప్పుడు ఎక్సెల్ జాబితాలో అది కనబడదు గానీ పూర్తిగా కొడితే పనిచేస్తుంది. ఏళ్లకి ‘వై’, మిగిలిన నెలలకి ‘వైఎమ్’ ధైర్యంగా వాడండి. మిగిలిన రోజులకి ‘ఎమ్‌డీ’ మాత్రం వద్దు. నెలాఖరు తేదీల దగ్గర అది సున్నా, ఒక్కోసారి మైనస్ అంకె కూడా ఇస్తుంది. మైక్రోసాఫ్టే తన సహాయం పేజీలో దాన్ని వాడొద్దని రాసింది. బదులుగా చేరిన తేదీకి నిండిన నెలలన్నీ ఈడేట్‌తో కలిపి, వచ్చిన తేదీని చివరి తేదీలోంచి తీసెయ్యండి. చేరిన తేదీ ఏ2లో, చివరి తేదీ బీ2లో ఉంటే: =బీ2-ఈడేట్(ఏ2, డేట్‌డిఫ్(ఏ2,బీ2,"ఎమ్")). పెన్షను కాగితాల మీదకి వెళ్లే అంకె కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

ప్రశ్న: సెక్యూరిటీ గార్డుల డ్యూటీ రాస్తుంటాను మేడమ్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేసినవాళ్లకి గంటలు రావట్లేదు, సెల్ నిండా హాష్ గుర్తులే. పగటి డ్యూటీ వాళ్లకి గంటలు వస్తున్నాయి గానీ, నెల మొత్తం కూడితే 200 గంటలు రావాల్సిన చోట 8 అంటోంది.
– ఆటోనగర్

జవాబు: ఎక్సెల్‌కి ఒక రోజంటే 1, కాబట్టి గంటలు అందులో భిన్నాలు. ఉదయం 6 అంటే 0.25. రాత్రి 10 అంటే 0.9167 దగ్గర. చిన్నదాంట్లోంచి పెద్దది తీస్తే మైనస్ వస్తుంది, మైనస్ గంటల్ని అది చూపించలేదు. డ్యూటీ మొదలైన టైము ఏ2లో, అయిపోయిన టైము బీ2లో ఉంటే =మోడ్(బీ2-ఏ2, 1) అని రాయండి (MOD అని మూడక్షరాలే). అర్ధరాత్రి దాటినా దాటకపోయినా సరైన గంటలొస్తాయి, ఇక్కడ 8. పగటి డ్యూటీకీ ఇదే ఫార్ములా. పన్నెండు గంటలకోసారి మారే డ్యూటీ ఉన్నా పనిచేస్తుంది. పూర్తి 24 గంటలు నిలబడ్డవాళ్లకి మాత్రం సున్నా వస్తుంది, వాళ్లకి తేదీ కూడా కలిపి రాయాలి.

మొత్తం 8 అని కనబడటం ఫార్మాట్ పని. 200 గంటలంటే ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. నిండిన రోజుల్ని మింగేసి మిగిలిన ఎనిమిదే చూపిస్తోంది. మొత్తం ఉన్న సెల్‌కి కస్టమ్ ఫార్మాట్‌లో హెచ్ అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టండి: [హెచ్]:ఎమ్ఎమ్. అప్పుడు 200:00 అని పూర్తిగా కనబడుతుంది. గంటకింత అని డబ్బు కట్టేటప్పుడు మొత్తాన్ని 24తో కూడా హెచ్చించాలి. లేకపోతే 200 గంటల కూలి 8.33 గంటల కూలిగా మారిపోతుంది. ఇది మీరు తప్పక చూసుకోవాలి, రాత్రంతా మేలుకున్నవాళ్ల జీతం అది.

ప్రశ్న: పిల్లలతో తెలుగు ప్రముఖుల పట్టిక చేయిస్తున్నాను. గురజాడవారు, అల్లూరి సీతారామరాజు ఎన్నేళ్లు జీవించారో ఎక్సెల్‌లో లెక్క కడదామంటే ఎర్రరే వస్తోంది.
– ఉపాధ్యాయుడు, భీమిలి

జవాబు: గురజాడ 1862 సెప్టెంబరు 21న పుట్టారు, అల్లూరి 1897 జూలై 4న. ఎక్సెల్ లెక్క 1900తో మొదలవుతుంది కాబట్టి ఆ రెండు పుట్టిన తేదీలూ దానికి అక్షరాలే. 1915 నవంబరు 30, 1924 మే 7 మాత్రం తేదీలే. అక్షరాల్ని తేదీలోంచి తీసెయ్యమంటే ఎర్రర్ రాక తప్పదు.

ఖర్చు లేకుండా దొరికే లిబ్రే ఆఫీస్‌లో ఈ ఇబ్బంది లేదు. ఎక్సెల్‌లోనే చెయ్యాలంటే పుట్టిన ఏడాదికీ, పోయిన ఏడాదికీ 400 కలపండి. మన క్యాలెండరులో లీపు సంవత్సరాల వరస సరిగ్గా 400 ఏళ్లకి మొదటికొస్తుంది. ఆ 1,46,097 రోజులు వారాలతో కూడా శేషం లేకుండా భాగం పోతాయి. కాబట్టి 2262 నుంచి 2315 దాకా లెక్క కట్టినా గురజాడవారి వయసే వస్తుంది, 53 నిండిన ఏళ్లు. అల్లూరికి 2297 నుంచి 2324 దాకా, 26. పుట్టిన వారం కూడా తప్పదు. 2297 జూలై 4 ఏ వారమో అడిగితే ఆదివారం అంటుంది, 1897లోనూ ఆదివారమే. పిల్లలకి ఈ 400 ఏళ్ల సంగతి తప్పక చెప్పండి. పట్టిక కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది వాళ్లకి.

ప్రశ్న: పాత మ్యాక్‌లో చేసిన ఫైలు నుంచి పెళ్లి ఆర్డర్ల తేదీలు కొత్త ఫైల్లోకి కాపీ చేస్తే అన్నీ నాలుగేళ్లు వెనక్కి వెళ్లిపోయాయి.
– ఫొటో స్టూడియో, సీతమ్మధార

జవాబు: నాలుగేళ్ల ఒక రోజు, అంటే 1,462 రోజులు. పాత మ్యాక్ ఎక్సెల్ 1904 నుంచి లెక్క పెట్టుకునేది. ఖాళీ సెల్‌లో 1462 కొట్టి, కాపీ చేసి, తేదీలన్నిటినీ ఎంచుకుని పేస్ట్ స్పెషల్‌లో వేల్యూస్, యాడ్ రెండూ ఎంచండి. పాత ఫైల్ని మాత్రం కదపకండి.

ప్రశ్న: మా ఆఫీసులో సరుకు అందిన తేదీ దగ్గర టుడే ఫార్ములా పెట్టాం. నిన్న అందినవి కూడా ఇవాళ అందినట్టు చూపిస్తోంది.
– పోర్టు ఏరియా

జవాబు: టుడే ఎప్పుడూ తెరిచిన రోజు తేదీనే ఇస్తుంది. బాకీ ఎన్ని రోజులైంది, గడువు ఎంత మిగిలింది లాంటి లెక్కలకి అది సరైనది. జరిగిపోయిన దాన్ని నమోదు చెయ్యడానికి కాదు. సరుకు అందగానే ఆ సెల్‌లో కంట్రోల్ కీ పట్టుకుని సెమికోలన్ నొక్కండి. ఆ రోజు తేదీ పడుతుంది, మళ్లీ మారదు. ఇప్పటికే మారిపోయినవాటిని షీటులోంచి వెనక్కి తేలేరు. గేటు పాసులో, చలానాలో తేదీలుంటాయి కాబట్టి వాటిని చూసి ఇవాళే రాసేసుకోండి. కాగితాలు ఫైళ్లలోకి వెళ్లిపోయాక వెతకడం కష్టం.